టాప్ తీసిన కారులో సన్నాయి

కన్వర్టిబుల్, అంటే టాప్ తీసి నడిపే కారు, అనగానే మావాళ్ళు అడిగేవి రెండే, ఎంత స్పీడ్ పోద్ది, వానొస్తే ఏం చేస్తావు. పాట ఎట్టా వినిపిస్తది అని ఎవ్వరూ అడగరు. నాకేమో ఆ కారు గురించి చెప్పుకోవాల్సిందంతా అక్కడే ఉంది, అందుకే ఈ పోస్ట్ మొత్తం దాని గురించే, కొంచెం పొడుగవుద్ది.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2016 మాజ్దా మియాటా. రెండే సీట్లు, గుడ్డ టాప్, మోటార్ లేదు, చేత్తో తీయాల్సిందే. అద్దం పైన మధ్యలో ఒక గొళ్ళెం ఉంటది, అది లాగి టాప్‌ని భుజం మీదుగా వెనక్కి తోసి ఒక నొక్కు నొక్కితే కూర్చుంటది, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు సీట్లోంచి లేవకుండా అయిపోద్ది. ఉండేది కాలిఫోర్నియా, సన్నీవేల్‌లో. సొంతూరు ఒంగోలు పక్కన. మా ఊళ్ళో ఇట్టాంటి కారు పెట్టుకుంటే మే నెల ఎండకి సీటు మీద కూర్చోలేం, ఇక్కడ మాత్రం ఏడాదిలో చాలా నెలలు సాయంత్రం పూట టాప్ తీసేయొచ్చు.

అమెరికాలో కూడా ఒకప్పుడు ఈ కార్ల పని అయిపోయిందనుకున్నారు. బోల్తా పడితే ఎట్టా అని గవర్నమెంట్ కొత్త రూల్స్ తెస్తదేమో అన్న భయంతో 1970ల్లో ఇక్కడి కంపెనీలన్నీ మానేశాయి, 1976 కాడిలాక్ ఎల్డొరాడోనే ఆఖరిది అని అప్పట్లో గట్టిగా ప్రచారం చేశారు. 1982లో క్రైస్లర్ లెబారన్‌తో మళ్ళీ మొదలైంది. 1989లో చికాగో ఆటో షోలో మాజ్దా వాళ్ళు మియాటా చూపించారు, పాత బ్రిటిష్ రోడ్‌స్టర్ల లాగా, అంటే రెండు సీట్ల ఓపెన్ కార్ల లాగా చిన్నది, తేలికది, కానీ రోడ్డు మీద ఆగిపోనిది. ఆ మొదటి మియాటాకి సైలెన్సర్‌లోంచి వచ్చే శబ్దం ఎట్టా ఉండాలో కూడా ఇంజినీర్లు కూర్చుని ట్యూన్ చేశారు. 2016కి పది లక్షల కార్లు అయ్యాయి. చెవికోసం ఇంత ఆలోచించి చేసిన కారు అని తెలిశాక నాకు దాని మీద గౌరవం ఇంకా పెరిగింది.

సరే, పాట సంగతికొద్దాం.

టాప్ మూసి ఉన్న కారంటే ఒక చిన్న గది. అందులో గాలి బంధించి ఉంటది కాబట్టి బేస్ శబ్దం స్పీకర్ బలానికి మించి వినపడిద్ది, ఆడియో వాళ్ళు దీన్ని క్యాబిన్ గెయిన్ అంటారు. టాప్ తీసిన మరుక్షణం ఆ గది లేదు. బేస్ మొత్తం ఆకాశంలోకి పోద్ది. దానికి తోడు గాలి హోరు. గాలి హోరులో బలమంతా కింది స్వరాల దగ్గరే ఎక్కువ, అంటే పాటలో మిగిలిన కొంచెం బేస్‌ని కూడా సరిగ్గా అదే మింగేసిద్ది. పైగా స్పీడ్‌తో పాటు అది ఊహించనంతగా పెరిగిపోద్ది, స్పీడ్ రెట్టింపు అయితే గాలి శబ్దం లెక్క ప్రకారం 18 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు, చెవికి 10 డెసిబెల్స్ పెరిగితేనే రెట్టింపు మోత అనిపిస్తది. అందుకే 35 మైళ్ళ దగ్గర హాయిగా వింటున్న పాట 70 దగ్గర అసలు పాటలాగే ఉండదు. వాల్యూమ్ పెంచితే సరిపోద్ది కదా అంటారు, సరిపోదు, పెంచితే పెరిగేది గోల. కొంతమంది డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టిస్తారు, టాప్ తీసి తిరిగేవాళ్ళకి అది డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం.

ఇప్పుడొచ్చే సినిమా పాటల్లో సగం పాట బీట్‌లోనే ఉంటది, ఆ బీట్ కింద భాగం పోతే పైన టిక్కుటిక్కు మని ఏదో మిగులుద్ది అంతే. నాకు కొత్త పాటలంటే పడదని కాదు, ఇంట్లో, ఆఫీసుకి పోయేటప్పుడు టాప్ మూసుకుని బాగానే వింటా. కానీ టాప్ తీశాక అవి ఆ కారు పాటలు కావు. వీణ కూడా అంతే, నాకు ఈమని శంకరశాస్త్రి గారి వీణంటే ప్రాణం, కానీ వీణలో అందమంతా మీటు తర్వాత తీగలో సాగే గమకంలో ఉంటది, అది సన్నగా అయిపోయే చోటే గాలి ఎత్తుకుపోద్ది. తంబురా అసలు వినపడదు. మృదంగంలో ఎడమ వైపు తొప్పి మాయం, కుడి వైపు దెబ్బలు మాత్రం బాగా పలుకుతాయి. మాండలిన్ మాత్రం ఎదురు నిలబడిద్ది, పాలకొల్లు శ్రీనివాస్ గారిది ఎలక్ట్రిక్ మాండలిన్ కదా, ఒక్కో మీటూ విడివిడిగా వచ్చి చెవికి తగులుద్ది, స్పీడ్ కచేరీలో ఒక్క స్వరం కూడా జారిపోదు.

ఇట్టా ఏది మిగులుద్ది ఏది పోద్ది అని వింటా వింటా ఉంటే ఒక సంగతి బోధపడింది. మైకులు రాకముందు ఆరుబయట వాయించడానికీ పాడటానికీ పుట్టిన సంగీతం ఏదుందో అదంతా ఈ కారులో నిలబడుద్ది. గదిలో కూర్చుని వినడానికి పుట్టింది నిలబడదు. అది తెలిశాక నా ప్లేలిస్ట్ మొత్తం మారిపోయింది.

ముందు సన్నాయి. నాదస్వరం అనండి. పెళ్ళిలో, గుడి ఉత్సవంలో, వీధిలో నడుస్తా వాయించే వాద్యం అది, ఊరు ఈ చివర వాయిస్తే ఆ చివర వినపడాలి. గాలి, జనం, బండ్లు, పిల్లల గోల, వీటన్నిటి మీదుగా పోవాలనే దాని గొంతు అట్టా తయారైంది. పక్కన డోలు, ఒక వైపు పుల్లతో, ఒక వైపు వేళ్ళకి తొడుగులు పెట్టుకుని వాయిస్తారు, ఆ దెబ్బ ఎంత గాలైనా చీల్చుకొస్తది. టాప్ తీసి 45 మైళ్ళ స్పీడ్‌లో షేక్ చిన్న మౌలానా గారి నాదస్వరం పెట్టండి ఒకసారి. ఆయనది మా ఒంగోలు పక్కన కరవది, తర్వాత శ్రీరంగం పోయి అక్కడే స్థిరపడ్డారు, రాగం ఎత్తుకుంటే తొందర అనేదే ఉండదు, ఒక్కో మెట్టూ ఎక్కిస్తా తీసుకుపోతారు. ఇంట్లో హెడ్‌ఫోన్స్‌లో వింటే నాకు నాదస్వరం కొంచెం గట్టిగా, చెవికి దగ్గరగా అనిపించేది. ఇక్కడ ఆ గట్టిదనమంతా గాలికి సరిపోయి, రాగం ఒక్కటే చేతికి అందినట్టు ఉంటది. ఆ వాద్యానికి చుట్టూ ఎంత చోటు కావాలో అంత చోటు దొరికిందన్నమాట.

గుంటూరు, ప్రకాశం వైపు ఈ విద్య తరతరాలుగా ముస్లిం కుటుంబాల చేతుల్లో ఉందని మనలో చాలామంది పిల్లలకి తెలీదు. చిలకలూరిపేట పేరు చెప్తే పెద్దవాళ్ళకి వెంటనే నాదస్వరమే గుర్తొచ్చేది. రాముడి గుళ్ళో ముహూర్తానికి సన్నాయి మొదలుపెట్టేది వాళ్ళే. 2020లో షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులకి పద్మశ్రీ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఫోన్లు చేసుకుని సంబరపడ్డాం, వాళ్ళ మూలాలు కూడా మా ప్రకాశం జిల్లానే. ఆడవాళ్ళు నాదస్వరం పట్టుకోవడమే తక్కువ, ఆవిడ ఊపిరి పట్టి వాయిస్తుంటే, ఏం చెప్పను, ఒక్కసారి వినండి అంతే.

రెండోది పద్యాలు. ఇది వింటే ఫ్రెండ్స్ ఆశ్చర్యపోతారు, కన్వర్టిబుల్‌లో పౌరాణిక నాటకం పద్యాలా అని. అవును, పద్యాలే. ఆ నటులు నేర్చుకున్నదే పందిట్లో, రాత్రి పది దాటాక మొదలై తెల్లారేదాకా సాగే నాటకంలో ఆఖరి వరుసలో గోనెపట్టా మీద కూర్చున్నవాడికి కూడా మాట స్పష్టంగా వినపడేట్టు పాడటం. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడు, షణ్ముఖి ఆంజనేయరాజు గారు, ఏ.వి. సుబ్బారావు గారు, వీళ్ళ రికార్డింగ్‌లు పాతవి, నాణ్యత అంతంతే, కానీ ఒక్క అక్షరం పోదు. వెనక హార్మోనియం ఒక్కటే, దాని గొంతు కూడా సరిగ్గా మనిషి గొంతు ఎత్తులోనే ఉంటది కాబట్టి గాలి దాన్నేం చేయలేదు. పద్యం చివర రాగం తీస్తారు చూశారా, మలుపు దగ్గర మొదలైన రాగం ఇంకో రెండు మలుపులు తిరిగినా అవ్వదు, మధ్యలో గేరు మార్చినా బ్రేకు వేసినా అది అట్టా పోతానే ఉంటది, నాకు అప్పుడు గుండె నిండిపోద్ది.

బుర్రకథ కూడా అంతే, నాజర్ గారి గొంతు వేల జనం మధ్యలో నిలబడి చెప్పిన గొంతు. డక్కీల వాయింపూ, పక్కనుంచి వంత వాళ్ళ తందాన తానా, కథ నడుస్తా ఉంటది, దూర ప్రయాణానికి దానికి మించింది లేదు. సినిమా పాటల్లో ఘంటసాల, సుశీల గారి పాత మోనో రికార్డింగ్‌లు అద్భుతంగా ఉంటాయి. అప్పటి పాటలు వినాల్సింది రేడియోలో, సినిమా హాల్లో ఒక్క స్పీకర్‌లో, ఊళ్ళో మైకులో, కాబట్టి గొంతుని అన్నిటికన్నా ముందు నిలబెట్టి రికార్డ్ చేసేవాళ్ళు.

పోయినసారి నాన్న వచ్చినప్పుడు ఒక ఆదివారం స్కైలైన్ రోడ్డు మీదికి తీసుకుపోయా. 35వ నంబర్ రోడ్డు అది, కొండల నడినెత్తిన పోద్ది, ఒక పక్క శాన్‌ఫ్రాన్సిస్కో బే, ఒక పక్క సముద్రం, మధ్యలో రెడ్‌వుడ్ చెట్లు. నాన్న మఫ్లర్ చుట్టుకుని స్వెట్టర్ వేసుకుని కూర్చున్నాడు, కాళ్ళ దగ్గర హీటర్ పెట్టా. కాసేపు ఏం మాట్లాడలా. పద్యం అయిపోయాక నా వైపు తిరిగి, "ఒరే నాన్నా, కొండకి పోతా ఉంటే దూరాన్నుంచి మైకు వినపడేది చూడు, అట్టా ఉందిరా ఇది" అన్నాడు.

మా వైపు కొండ అంటే కోటప్పకొండ. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళన్నిటి నుంచీ ప్రభలు కట్టుకుని పోతారు, అంతెత్తు ప్రభలు, వాటికి లైట్లు, మైకులు. గొట్టం మైకులో బేస్ అనేదే రాదు, మనిషి గొంతు ఉండే ఎత్తు మాత్రమే బాగా వస్తది, అందుకే అది పొలాలు దాటి, చెరువు దాటి మైళ్ళ దూరం వినపడుద్ది. నాన్న అన్నమాటతో నాకు మొత్తం లెక్క కుదిరింది. టాప్ తీసిన కారు పాటలోంచి తీసేసేది గొట్టం మైకు తీసేసిందే, మిగిల్చేది అది మిగిల్చిందే. మా తాతల తరం నుంచి మావాళ్ళు పాటని విన్నది ఆ మైకులోనే, ఆరుబయటే, మంచం మీద పడుకుని పక్కూరి పెళ్ళి పాటలు వినడమే. నాన్న ఆ తర్వాత ఇంకో పద్యం పెట్టమన్నాడు, ఇంకోటి పెట్టమన్నాడు, చివర్లో తనే రాగం తీశాడు. నేను ఆయన పాడగా విన్నది అదే మొదటిసారి.

రోడ్ల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రోడ్డు బాలేకపోతే పాటా ఉండదు. ఫ్రీవేలు వద్దు. 101, 280 మీద టాప్ తీయడం అంటే లారీ టైర్ల మోత వినడమే. హైవే 1 మీద హాఫ్ మూన్ బే దాటి దక్షిణంగా పిజియన్ పాయింట్ లైట్‌హౌస్ వైపు పోతే బాగుంటది, 1872 నాటి లైట్‌హౌస్ అది, 115 అడుగులు, దూరం నుంచే తెల్లగా కనిపిస్తది. మధ్యలో ఆర్టిచోక్, బ్రసెల్స్ స్ప్రౌట్స్ పొలాలు. హాఫ్ మూన్ బే చుట్టూ యూకలిప్టస్ చెట్లు బాగా ఉంటాయి, అంటే మన జామాయిల్. టాప్ తీసి వాటి కిందనుంచి పోతా ఉంటే ఆ వాసనకి ఒక్కసారిగా మా ప్రకాశం జిల్లా జామాయిల్ తోటల పక్కన బస్సులో పోతున్నట్టే ఉంటది, ఆ చోటికి వచ్చేసరికి ప్లేలిస్ట్‌లో సుశీల గారి పాట వచ్చేట్టు పెట్టుకున్నా. జూన్, జూలైలో సముద్రం పక్కన పొగమంచు కమ్మేసిద్ది, లోపల సన్నీవేల్‌లో 32 డిగ్రీలుంటే అక్కడ 15 ఉంటది, అప్పుడు స్కైలైన్‌కే పోవాలి, మంచు కింద ఉంటది మనం పైన ఉంటాం. అన్నిటికన్నా మంచి నెలలు సెప్టెంబర్, అక్టోబర్.

పసిఫికా దగ్గర డెవిల్స్ స్లైడ్ అని ఉంటది, కొండచరియలు విరిగిపడి పాత రోడ్డు మాటిమాటికీ మూతపడుతుంటే కొండలోంచి సొరంగాలు తొలిచి 2013లో తెరిచారు. అందులోకి పోయేముందు నేను పాట ఆపేస్తా. గోడలు ఇంజిన్ శబ్దాన్ని తిప్పికొడుతుంటే ఆ ఒక్క నిమిషం అదే సంగీతం. మాజ్దా వాళ్ళు కూర్చుని ట్యూన్ చేసే అలవాటు ఎందుకో అక్కడ తెలిసిద్ది.

కొనే ఆలోచన ఉన్నవాళ్ళకి కొన్ని పనికొచ్చే మాటలు. పక్క అద్దాలు ఎత్తే ఉంచండి, టాప్ తీసినా సరే, సగం హోరు అక్కడే తగ్గుద్ది. గాలి ముందు నుంచి కొడుద్ది అనుకుంటాం కానీ అది ముందు అద్దం మీదుగా పోయి వెనకనుంచి తిరిగి లోపలికొస్తది, అందుకే జుట్టు మొహం మీదికి ఎగురుద్ది, సీట్ల వెనక పెట్టే గాలి అడ్డు ఉంటే తేడా బాగా తెలుస్తది. నా కారులో బోస్ సిస్టమ్ ఉంది, సీటు తల దగ్గర కూడా స్పీకర్లు ఉన్నాయి, పాట చెవి పక్కనుంచి వస్తది కాబట్టి వాల్యూమ్ పెద్దగా పెంచక్కర్లేదు. సెట్టింగ్‌లో బేస్ బాగా తగ్గించండి, పెంచకండి, ఎట్టాగూ వినపడనిదాని కోసం స్పీకర్‌ని కష్టపెట్టి గొంతు పాడుచేసుకోవడం ఎందుకు. పాటలు ముందే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోండి, ఆ తీరం రోడ్డులో సిగ్నల్ ఉండదు.

చెవుల మాట కూడా. 85 డెసిబెల్స్ మోతలో రోజుకి ఎనిమిది గంటలకి మించి ఉండకూడదని పనిచేసేచోట జనం ఆరోగ్యం గురించి చూసే ఇక్కడి నియోష్ అనే గవర్నమెంట్ సంస్థ లెక్క, ప్రతి 3 డెసిబెల్స్ పెరిగినకొద్దీ ఆ టైమ్ సగం అయిపోద్ది, 88కి నాలుగు గంటలు, 91కి రెండే గంటలు. సెయింట్ లూయిస్‌లో డాక్టర్లు కన్వర్టిబుల్స్‌లో కొలిచి చూస్తే హైవే స్పీడ్‌లో టాప్ తీస్తే చాలా కార్లలో 85 దాటింది, అద్దాలు ఎత్తితే తగ్గింది. అది పాట కలపకముందు. కాబట్టి 45 మైళ్ళ రోడ్డు పాటకే కాదు చెవికీ మంచిది. ఇయర్‌బడ్స్ పెట్టుకుని వింటానంటే కాలిఫోర్నియాలో రెండు చెవులకీ పెట్టుకుని నడపడం చట్టం ఒప్పుకోదు. కారు పాట 50 అడుగుల అవతలకి వినపడినా తప్పే. సిగ్నల్ దగ్గర ఆగగానే నేను వాల్యూమ్ సగానికి తగ్గిస్తా, చట్టం కోసం కొంత, పక్క కారులో నిద్రపోయే చంటిపిల్లలుంటారని కొంత. ఒకసారి తగ్గించేలోపే పక్క కారులో ఒక పెద్దాయన, మెక్సికన్ అనుకుంటా, అద్దం దించి ఇదేం వాద్యం అని అడిగాడు. పేరు చెప్పా, ఫోన్‌లో వాయిస్‌తో వెతుక్కున్నాడు, దొరికింది అని బొటనవేలు చూపించి వెళ్ళాడు.

ఇప్పుడు నడుస్తున్న పని, నాన్న దగ్గరున్న పాత నాటకం క్యాసెట్లు. ఊళ్ళో మా బాబాయి కొడుకు ఒక్కోటి కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపిస్తున్నాడు. అన్నిట్లో టేపు శబ్దం, స్స్ మని సాగుతానే ఉంటది, "అన్నా, సాఫ్ట్‌వేర్‌తో తీసేయమంటావా" అని అడిగాడు. తీస్తే దాంతో పాటు గొంతులో పదును కూడా కొంత పోద్ది, పైగా టాప్ తీశాక ఆ స్స్ అసలు వినపడనే వినపడదు, గాలిలో కలిసిపోద్ది. ఉన్నదున్నట్టే పంపించు తమ్ముడూ అని చెప్పా. మొదటి రెండు క్యాసెట్లు వచ్చేశాయి, శనివారం వాతావరణం బాగుంటే పిజియన్ పాయింట్ దాకా.